చాటింపులోకి వచ్చినవాళ్ళు

నేను చేసిన హెల్త్ విజిటర్ ఉద్యోగంలోనే కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగినంతసేపూ ట్రాన్స్‌ఫర్ల గురించీ, టి.ఏ. బిల్లుల గురించీ అడుగుతారు. ఆ బాధలు ఎవరివి వాళ్ళు పడాల్సిందే కాబట్టి నేనేమీ చెప్పను. చివరికి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఎవరో ఒకరు అసలు ప్రశ్న అడుగుతారు: "మేడమ్, ఎక్కడినుంచో వచ్చి మన ఏరియాలో గుడిసెలు వేసుకున్నవాళ్ళకు కూడా మనమే చెయ్యాలా?"

ఆ మాట వింటే చెప్పులు విప్పించి మళ్ళీ లోపల కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు అంతసేపు మాట్లాడితే ఆయాసం వస్తోంది. అందుకే రాస్తున్నాను.

మా అవ్వ, మంచినీళ్ళు

మాది తిరుపతి. నాయన గుడి వంటశాలలో ప్రసాదాల పని చూసేవారు. మా ఇంట్లో మాట్లాడేది సగం తెలుగు, సగం అరవం; ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో మాకే తెలియదు. అటువంటి మడి ఇంట్లోనుంచి నేను హెల్త్ విజిటర్ ఉద్యోగానికి బయలుదేరితే మా అవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఊర్లో పురుళ్ళన్నీ మనింటికి మోసుకొస్తావా?" అంది. సాయంత్రం రాగానే పెరట్లో బావి దగ్గర తలస్నానం చేస్తేనే వంటింటి గడప దాటాలి. చలికాలమైనా అంతే. కాకపోతే నాకు ఆలస్యమైన రోజున నీళ్ళు కాచి ఉంచేది కూడా ఆమే. మా అవ్వను ఛాందసురాలని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మొదటి పోస్టింగు పూతలపట్టు వైపు. అక్కడ నాకు పని నేర్పిన పెద్ద నర్సమ్మ మొదటి రోజే ఒక మాట చెప్పింది. "ఎవురింటికి పొయ్యినా ముందు మంచినీళ్ళు అడుగు పాపా. మందు సంగతి తర్వాత." తర్వాత్తర్వాత నాకు అర్థమైంది. మనం వాళ్ళకు ఏదో ఇవ్వడానికి వచ్చామని చెబితే తలుపు సగమే తెరుచుకుంటుంది. మనకే వాళ్ళ దగ్గర ఏదో కావాలంటే పూర్తిగా తెరుచుకుంటుంది. పైగా నా మొహాన ఉన్న నామం చూసి, వీధి చివరి ఇళ్ళలో నేను చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే చూడ్డానికే జనం పోగయ్యేవాళ్ళు. ట్రైనింగులో ఇంత పనికొచ్చే సంగతి ఒక్కటీ చెప్పలేదు.

రెంటికీ చెడిన కాలనీ

డెబ్బైల చివర్లో నన్ను రేణిగుంట దగ్గర ఒక ఆరోగ్య కేంద్రానికి వేశారు. దాని కింద ఉన్న ఒక ఊళ్ళో నాయుడు గారింటి వరండా గదిలో మా ఉపకేంద్రం. నెలకొకసారి డాక్టరు జీపులో వచ్చి గర్భిణులకు, పసిబిడ్డలకు సూదులు వేయించేవారు. మందు వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య వచ్చేది. మిగతా రోజుల్లో ఊళ్ళు తిరిగేది నేను.

ఆ ఊరి పొలిమేరలోపలే, నూలుమిల్లు వెనక, రేకుల షెడ్లు ఉండేవి. సిలోను కాలనీ అనేవాళ్ళు. తాతల నాడు అరవదేశంనుంచి సిలోను తేయాకు తోటలకు కూలికి పోయినవాళ్ళ సంతతి. రెండు దేశాల పెద్దలు ఒక ఒప్పందం రాసుకుని, మీరు ఇండియావాళ్ళు పొండి అని వీళ్ళను ఓడెక్కించి పంపేశారు. ఇక్కడికి వస్తే, మీరు సిలోనువాళ్ళు కదా అన్నారు. మిల్లులో పని ఇస్తామని తెచ్చి కొందరికే ఇచ్చారు. మిగతావాళ్ళు రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు.

వీళ్ళ ఆరోగ్యం ఎవరు చూడాలి? గవర్నమెంటు చూసుకుంటుందని మిల్లు, మిల్లు చూసుకుంటుందని గవర్నమెంటు. పాపం, రెంటికీ చెడిన రేవడులు. ఊరివాళ్ళేమో వాళ్ళను నాయుడు గారి వరండా మెట్టు కూడా ఎక్కనిచ్చేవాళ్ళు కారు.

మా డాక్టరు కోస్తా నుంచి వచ్చిన యువకుడు. చెయ్యి మంచిది. పాము కరిచినవాడి పక్కన తిండి మానేసి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. కానీ గోడమీద మ్యాపులో గీత దాటి ఆయన చూపు పోదు. "ఆ కాలనీ మనకిచ్చిన ఊళ్ళలో లేదమ్మా. పక్క సెంటరులోనూ లేదు. ఉన్నవాళ్ళకే మందు చాలడం లేదు" అనేవారు. ఆయనకు ముందున్నాయన కూడా అదే అన్నారు. కొత్త డాక్టరు వచ్చినప్పుడల్లా రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు నేను మళ్ళీ మొదటినుంచి చెప్పుకునేదాన్ని. నా అనుభవంలో చెడ్డ ఆఫీసర్లు తక్కువ. భయస్థులే ఎక్కువ. చెడ్డవాడితో పోట్లాడవచ్చు, భయస్థుడికి మాత్రం మనం ఒక ధైర్యం తెచ్చి చేతిలో పెట్టాలి.

సూదంటే ఓడ

ఆ కాలనీలో సెల్వి అనే అమ్మాయి ఉండేది. ఇరవై దాటి ఉండవు. ఈ దేశం వచ్చాక ఇద్దరు బిడ్డల్ని కన్నది. ఇద్దరూ చక్కగా పుట్టి, పాలు తాగి, వారం తిరిగేలోపల దవడలు బిగుసుకుని, ఏడవడానికి కూడా నోరు తెరుచుకోక చనిపోయారు. అది ధనుర్వాతం. బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేకపోతే వస్తుంది. తల్లికి కడుపుతో ఉండగా నెల తేడాతో రెండు సూదులు వేస్తే బిడ్డకు రాదు. నాకు కనిపించేనాటికి సెల్వికి మళ్ళీ అయిదో నెల.

మొదటిసారి పోయినప్పుడు నేను మహా తెలివిగా అరవంలో మొదలుపెట్టాను. నా భాష వింటే నన్ను తమ మనిషి అనుకుంటారని నా ధీమా. మంచినీళ్ళు అడిగేలోపలే ఆడవాళ్ళంతా లేచి లోపలికి పోయారు. తర్వాత తెలిసింది, తోటల్లో అటువంటి అరవం మాట్లాడేది కణక్కపిళ్ళ ఒక్కడేనట. అంటే కూలీ లెక్కలు రాసేవాడు, కూలీ కోసేవాడు. వాళ్ళ చెవికి నేను కణక్కపిళ్ళ పెళ్ళాన్ని. ఆ తర్వాత తెలుగులోనే మాట్లాడి, వచ్చీరాని తెలుగులో వాళ్ళు చెప్పేది విన్నాను. అప్పుడు నీళ్ళు ఇచ్చారు. పాలు లేని తేనీరు కూడా ఇచ్చారు. అంత మంచి తేనీరు నేను మళ్ళీ తాగలేదు.

ఒకసారి ఊళ్ళో మిగిలిన మందు ఫ్లాస్కులో పెట్టుకుని డాక్టరుకు చెప్పకుండా పోయాను. ఫ్లాస్కు చూడగానే సెల్వి మొహం పాలిపోయింది. ఎమర్జెన్సీ అయిపోయి ఎక్కువ కాలం కాలేదు. సూది అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషను అని భయపడుతోందనుకుని, అది కాదు తల్లీ అని నచ్చజెప్పబోయాను. ఆమె అత్త, కాళియమ్మ అనే ఎముకల గూడు లాంటి ముసలామె, అడ్డం వచ్చి నిలబడింది.

"ఓడ ఎక్కేముందర సూది ఏసినారు" అంది వాళ్ళ అరవంలో, నాకు అర్థం కావాలని మెల్లగా. "ఓడ దిగినాక క్యాంపులో ఇంకొకటి ఏసినారు. ఏసిన మర్నాడు రైలెక్కించి ఈడికి తోలినారు. మీరు సూది తెచ్చినారంటే మమ్మల్ని మళ్ళా యాడికో తోలేస్తారని కదా. మేము పోము."

సూది గురించి ఎన్నో భయాలు విన్నాను. జ్వరం వస్తుందని, గర్భం నిలవదని. సూది వేస్తే ఊరు పోతుందన్న భయం అదే మొదటిసారి వినడం. వాళ్ళవైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు. ప్రతి సూది తర్వాతా వాళ్ళకు నిజంగానే ఒక ఊరు పోయింది.

"ఈ మన్ను మమ్మల్ని వద్దంటాండాదమ్మా" అంది సెల్వి. "అందుకే నా బిడ్డల్ని తీసేసుకునింది."

ఈ సంగతి డాక్టరు చెవిన పడింది. కోపపడి, ఆ తర్వాత ఫ్లాస్కు నా చేతికివ్వడం మానేశారు. నేను మాత్రం కాలనీకి పోవడం మానలేదు. ఉత్త చేతులతో పోయి తేనీరు తాగి వచ్చేదాన్ని. సెల్వికి ఆరో నెల వచ్చింది. రెండు సూదులకూ మధ్య నెల కావాలి కదా, ఇంకా ఆలస్యమైతే కాన్పులోపల రెండోది పడదు. రోజులు గడిచేకొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు.

మునెయ్య డప్పు

ఎండాకాలం వచ్చింది. ఊళ్ళో గంగజాతర దగ్గరపడింది.

మా వైపువాళ్ళకు చెప్పక్కరలేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. జాతరకు ముందు ఊరంతా డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు పడినాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదు. బయటివాళ్ళు పొద్దు గూకినాక ఊళ్ళో ఉండకూడదు. కారం దంచకూడదు, తిరగవాత పెట్టకూడదు. ఎంత గొప్పవాడైనా ఈ కట్టు తప్పడు.

ఆ మధ్యాహ్నం నేను సెల్వి గుడిసె ముందు కూర్చుని ఉండగా మునెయ్య డప్పుతో కాలనీలోకి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. కిందటేడు జాతర ముందు కాలనీలో ఎవరో ఎండు మిరపకాయలు వేయించారని, ఆ ఘాటుకే అమ్మవారికి కోపం వచ్చి ఊళ్ళో పిల్లలకు పోసిందని ఒక మాట పుట్టింది. అందుకని ఈసారి నాయుడు గారు కాలనీకి కూడా డప్పు పంపారు.

"గంగమ్మ జాతర సాటింపహో. ఊరోళ్ళు ఎవురూ రేత్రికి పొలిమేర దాటగూడదు. బయటోళ్ళు ఎవురూ ఈడ పండుకోగూడదు" అని మునెయ్య గొంతెత్తాడు.

కాలనీవాళ్ళు బెదిరిపోయి నా మొహం చూశారు. నేను వాళ్ళ దగ్గర పట్టుబడిన అరవంలో చెప్పాను. సెల్వి లేచి నిలబడింది.

"ఊరోళ్ళు అంటే ఎవురు?" అంది.

నేను మునెయ్యను అడిగాను. అతను నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "ఈడ కొట్టినాక ఈళ్ళూ ఊరోళ్ళే కదమ్మా. లేకుంటే నాకు ఈడ కొట్టే పనేముండాది?"

"అయితే మమ్మల్ని ఎవురైనా లారీ తెచ్చి తోలుకపోతే?" అంది సెల్వి.

"సాటింపు పడినాక తోలేదా? గవర్నమెంటొచ్చినా దాటించేదానికి లే."

నేను ఆ మాట ఆమెకు అరవంలో చెప్పాను. సెల్వి అత్త వైపు చూసింది. కాళియమ్మ డప్పు వైపు చూసింది. సెల్వి నా దగ్గరకొచ్చి చీర చెంగు భుజం మీదనుంచి తీసి చెయ్యి చాపింది. "అయితే ఇప్పుడు వెయ్యండమ్మా. సూది ఏసినా మమ్మల్ని ఎవురూ పంపియ్యలేరు కదా."

నా దగ్గర ఫ్లాస్కు లేదు. కానీ మర్నాడే డాక్టరు వచ్చే రోజు. "రేపు" అన్నాను. "రేపు మీరంతా నాయుడు గారి వరండాకే రావాలి." అని మాటిచ్చాను గానీ, ఆ మెట్టు వాళ్ళను ఎవరు ఎక్కనిస్తారా అని బస్సులో దారంతా ఆలోచిస్తూ వచ్చాను.

నాయుడు గారి అరుగు

మర్నాడు జీపు వచ్చింది. వరండాలో ఊరి ఆడవాళ్ళ వరస. నాయుడు గారు అరుగుమీద తమలపాకులు నములుతూ కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద బుర్ర. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నాయుడు గారూ, నిన్న సాటింపు కాలనీకి కూడా వేయించినారంట కదా?"

"ఏయించినాను. ఏం, తప్పా అయ్యోరమ్మా? పోయినేటి మిరపకాయల ఘాటు మర్చిపోయినారా?"

"తప్పని ఎవరన్నారు? తెలీక అడుగుతా ఉండాను. సాటింపు బయటోళ్ళకు వర్తిస్తాదా?"

"బయటోళ్ళకు ఎట్ల వర్తిస్తాది? బయటోళ్ళు పొద్దు గూకేలోపల పోవాల్సిందే."

"మరి నిన్న రాత్రి కాలనీవాళ్ళు పోయినారా?"

"యాడికి పోతారు?" అన్నారు నాయుడు గారు. అని, నమలడం ఆపేశారు.

నేను గొంతు పెంచలేదు. "వాళ్ళు బయటోళ్ళయితే, నిన్న రాత్రి బయటోళ్ళు ఊర్లో నిద్ర చేసినట్టే. సాటింపు చెడినట్టే. ఊరోళ్ళయితే ఈ వరండా వాళ్ళది కూడా. రెండిట్లో ఏదో మీరే చెప్పండి. అమ్మవారికి చెప్పుకోవాల్సిందీ మీరే కదా."

వరసలో ఉన్న ముసలామె ఒకతి కిసుక్కున నవ్వింది. "నాయుడు ఇరుక్కున్యాడు" అంది పక్కామెతో, అందరికీ వినపడేలాగే.

నాయుడు గారు నన్ను ఎగాదిగా చూశారు. ఆ గది ఆయనది. రేపటినుంచి మీ దుకాణం ఎత్తేయండి అంటే నేను చేయగలిగిందేమీ లేదు. ఆయన లేచి, వీధిలోకి పోయి ఉమ్మి వచ్చి, "మునెయ్యా" అని కేకేశారు. "కాలనీకి పో. కడుపుతో ఉండే ఆడోళ్ళనూ, బిడ్డల తల్లులనూ పిల్చకరా. నాయుడు రమ్మన్యాడని చెప్పు." అప్పుడు డాక్టరు వైపు తిరిగారు. "డాక్టరయ్యా, వాళ్ళు మనూరోళ్ళు. నేను చెప్తా ఉండాను."

"మందు చాలదండీ" అన్నారు డాక్టరు.

"మా ఊరికి చాలనంత మందు తెచ్చినావా? తెప్పించు."

డాక్టరు మొహంలో బరువు దిగినట్టయింది. వెంటనే జీపు రేణిగుంటకు పంపారు. ఆ భయస్థుడికి కావలసిన ధైర్యం అరుగుమీదే ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ తీసి చేతికివ్వలేదు.

కాలనీ ఆడవాళ్ళు గుంపుగా వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయారు. నాయుడు గారి కోడలు లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి సెల్వి చేతికి ఇచ్చింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు. సెల్వి తాగి మెట్టెక్కింది. సూది నేనే వేశాను.

అంతా అయ్యాక నాయుడు గారు నన్ను పిలిచారు. "మీరు చెప్పిన లెక్కన ఈ ఊర్లో బయటి మనిషి మీరొక్కరే అయ్యోరమ్మా. పొద్దు గూకేలోపల బస్సెక్కండి." వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బస్సులో కూర్చోవడానికి చోటున్నా తిరుపతి దాకా నిలబడే వచ్చాను. అంత సంతోషంలో కూర్చోబుద్ధి కాలేదు.

కవ్వాత్తు కత్తి

నెల తిరిగాక రెండో సూదీ పడింది. మిగిలింది బొడ్డు కోసే కత్తి. తోటలో ఆసుపత్రి ఉండేదట, నర్సు వచ్చేదట. ఇక్కడ ఏ మంత్రసానీ గడప తొక్కకపోవడంతో కాళియమ్మే ఆ పనికి దిగింది. ఆమె దగ్గర తేయాకు కొమ్మలు కోసే వంకర కత్తి ఉండేది, కవ్వాత్తు కత్తి అంటారు. ఓడలో తెచ్చుకున్న కాసిన్ని వస్తువుల్లో అదొకటి. నేను కొత్త బ్లేడు ఇస్తే ఆమె తీసుకోలేదు. "నా చేతికి ఇదే అలవాటు" అంది.

కొత్తలో అయితే నేను వాదించేదాన్ని. అప్పటికి కొంచెం బుద్ధి వచ్చింది. మనిషి దగ్గర మిగిలిన ఒక్క వస్తువును లాక్కుని ఆరోగ్యం నేర్పలేము. "కత్తి మీదే ఉండనీ అవ్వా. నీళ్ళలో వేసి తేనీటికి మరిగినట్టు మరగనియ్యి, దారం కూడా అందులోనే వెయ్యి. కోసినాక బొడ్డుమీద బూడిద గీడిద పుయ్యొద్దు" అన్నాను. తేనీరు అనేసరికి ఆమెకు పని సులువైంది. నీళ్ళు ఎంత మరగాలో నాకు కాళియమ్మ నేర్పేటట్టయింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున సెల్వి కన్నది. నేను చేరేసరికి పొయ్యిమీద కుండలో కత్తి గలగలమంటోంది. ఆడబిడ్డ. అప్పటినుంచి వారందాకా రోజూ పోయాను. పోయేది చూడ్డానికి కాదు, వినడానికి. కాలనీ మొదట్లో ఆగి చెవి పెట్టేదాన్ని. ఏడుపు వినిపిస్తే కాళ్ళు కదిలేవి. వారం నిండిన రోజున వినిపించిన ఏడుపు మిల్లు గేటు దాకా వచ్చింది. అంత గట్టిగా, అంత పొగరుగా. గుడిసెలోకి పోతే సెల్వి బిడ్డను నా ఒళ్ళో పడేసి గోడకు ఆనుకుని తనూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాళియమ్మ ఒక్కతే ఏడవలేదు. ఇద్దరికీ తేనీరు పోసింది.

ఆ బిడ్డకు గంగ అని పేరు పెట్టారు. ఇంకేం పెడతారు? ఆ ఊళ్ళో నేనున్నన్నాళ్ళూ కాలనీలో మళ్ళీ ఏ బిడ్డా ఆ జబ్బుతో పోలేదు. నాకు ప్రమోషన్లు వచ్చాయి, సన్మానాలు జరిగాయి, శాలువలకు బీరువాలో పురుగులు పట్టాయి. ఈ ఒక్క సంగతికి మాత్రం ఇప్పటికీ తల ఎత్తుకుని తిరుగుతాను.

కాబట్టి గుమ్మం దగ్గర ఆ ప్రశ్న అడిగే అమ్మాయిలకు నా జవాబు ఇది. చెయ్యాలి. ఆర్డరు లేదని ఆగిపోకండి. ప్రతి ఊరికీ తనదైన ఒక కట్టు ఉంటుంది. మనవాళ్ళు అని చెప్పుకునే దారి ఒకటి అందులోనే ఎక్కడో ఉంటుంది. అది దొరికేదాకా మంచినీళ్ళు అడిగి తాగుతూ ఉండండి.

మరుసటి ఏడు చాటింపు రోజున నేను పని పెట్టుకుని మరీ కాలనీకి పోయాను. మునెయ్య వచ్చి, డప్పు కొట్టి, ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటకూడదని చాటి వెనక్కి తిరిగాడు. సెల్వి బిడ్డను చంకనేసుకుని గబగబా అతనికి ఎదురుపోయింది. ఏడాదిలో ఆమెకు మా యాస బాగా పట్టుబడింది.

"ఇంకో తూరి కొట్టన్నా" అంది. "మా పాప నిదరపోతా ఉణ్ణింది, ఇన్లేదు."

మునెయ్య బిడ్డ మొహంలోకి ఒకసారి చూసి, డప్పు సరిచేసుకుని, మళ్ళీ మొదటినుంచి కొట్టాడు.